మీటరుకి మూడు మిగులుతుంది

ఫిబ్రవరి 3

లెక్కల పుస్తకంలో అంకెలే ఉండాలి, మాటలు ఉండకూడదని నా నియమం. మాటల కోసం ఈ వేరే పుస్తకం కొన్నాను. నలభై ఎనిమిది పేజీలది. అంతకు మించి బాధపడే తీరిక నాకు లేదు.

కాంక్రీటు పంపు కొని పద్నాలుగు నెలలైంది. సెకండ్ హ్యాండు బండి, పైపులతో సహా. నెలకి ఇరవై రోజులు ఏదో ఒక సైటులోనే ఉంటోంది. మా ఆయన చెప్పులకి ఎప్పుడు చూసినా సిమెంటే. అయినా రెండు వాయిదాలు ఆలస్యంగా కట్టాం. మార్చి పదో తేదీది తప్పితే బండి తీసుకుపోతామని ఫైనాన్సు వాళ్ళ కాగితం వచ్చింది. ఆయన దాన్ని ఫ్రిజ్ పైన పెట్టారు. అక్కడైతే చల్లబడుతుందనుకున్నారో ఏమో.

"మన రేటెంత?" అని అడిగాను.

"అందరూ ఎంత తీసుకుంటే అంత."

"మనకి ఎంత పడుతోంది?"

"పడుతుంది, ఎంతో కొంత."

ఈ ఇంట్లో ఒక సబ్బు ఎన్ని రోజులు వస్తుందో నేను చెప్పగలను. అంత పెద్ద ఇనప బండికి మాత్రం "ఎంతో కొంత".

ఫిబ్రవరి 5

రెండు రోజులు కూర్చుని తేల్చాను. నెలకి సగటున తొమ్మిది వందల మీటర్ల కాంక్రీటు పంపుతున్నాం. (క్యూబిక్ మీటరు అనాలి. ఇంట్లో అందరం మీటరనే అంటాం.) వాయిదా, జీతాలు, ఇన్సూరెన్సు, చిల్లర రిపేర్లు కలిపి మీటరుకి 154. డీజిలు 48. బండిని సైటుకి లాక్కెళ్ళి వెనక్కి తెచ్చుకోవడానికి 30. మొత్తం 232.

అంటే 232 దాటితేనే లాభం. ఇన్నాళ్ళూ మా అక్క మొగుడు, కాంట్రాక్టరు బావ, 228 ఇస్తున్నాడు. మా పనుల్లో సగం ఆయనవే. ప్రతి మీటరుకీ నాలుగు మేమే ఆయన చేతిలో పెట్టి, పైగా టీ తాగించి పంపుతున్నామన్నమాట.

లెక్క తేలితే ఎంత హాయిగా ఉంటుందో! అక్కతో గంటసేపు ఫోనులో మాట్లాడాను.

ఫిబ్రవరి 9

సైటులో బెండు పగిలింది. పైపు ఒంపు తిరిగే చోట ఉండే ముక్క. మూడో అంతస్తు నుంచి కాంక్రీటు వానలా కురిసిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆపరేటరు పగిలిన ముక్కని ఇంటికి తెచ్చి నా ముందు పెట్టాడు. యాభై ఏళ్ళ మనిషి, పన్నెండేళ్ళుగా పంపుల మీదే బతుకు. బెండు బయట వైపు గోడ కాగితంలా అరిగిపోయి ఉంది.

"కంకర రాసుకుంటూ పోతుంది కదమ్మా. ప్రతి మీటరూ ఇంత తినేస్తుంది. బెండూ, పైపూ, లోపలి ప్లేట్లూ, పైపులు కలిపే క్లాంపుల్లో రబ్బర్లూ... అన్నీ అరగడానికే పుట్టాయి. మీ లెక్కలో వీటికెంత వేశారు?"

ఏమీ వేయలేదు. బండితో పాటు వచ్చినవి కదా, విడిగా కొనలేదు కదా అని ఊరుకున్నాను. గరిటె అరుగుతుందని కూర ఖర్చులో ఎవరైనా వేస్తారా? నేనూ వేయలేదు. వంటింటి బుద్ధి వంటింటి దాకానే పనికొచ్చింది.

ఏది ఎన్ని మీటర్లకి మార్చాలో అతను చెబుతుంటే రాసుకున్నాను. మీటరుకి 31 తేలింది. 232 కాదు, 263.

తప్పు దొరికినందుకు సిగ్గుపడాలో సంతోషించాలో తెలియలేదు. ఆయన్నీ ఆపరేటర్నీ కూర్చోబెట్టి చెప్పాను: "అడగడం 295. దిగితే 275. 263 కింద బండి గేటు దాటకూడదు. ఈ అంకె మన ముగ్గురి మధ్యే ఉండాలి." మిక్సర్ లారీలు ఆలస్యమై మన బండి ఖాళీగా నిలబడితే ఆ గంటలకి వేరే డబ్బు. ఇరవై అయిదు మీటర్ల కంటే తక్కువ పనైనా ఇరవై అయిదుకే బిల్లు.

"ఇన్ని షరతులు పెడితే పెళ్ళి కుదరదు," అన్నారాయన.

"కుదిరిన పెళ్ళిళ్ళు చూస్తున్నాం లెండి," అన్నాను. ఆపరేటరు టీ కప్పులోకి నవ్వుకున్నాడు.

ఫిబ్రవరి 12

ఇద్దరు బయటి కాంట్రాక్టర్లు సణుక్కుంటూనే 280కి ఒప్పుకున్నారు. ఒకాయన నిలబడ్డ గంటలకీ ఇచ్చాడు. ఇన్నాళ్ళూ అడిగి ఉంటే ఇన్నాళ్ళూ ఇచ్చేవాళ్ళే!

ఫిబ్రవరి 16

బావ ఆఫీసుకి వెళ్ళిన మా ఆయన తిరిగి వచ్చారు. చొక్కా విప్పకుండా మంచం అంచున కూర్చున్నారు. అలా కూర్చుంటే ఏదో చేసి వచ్చారని అర్థం.

ఎనిమిది అంతస్తుల బిల్డింగు. మొత్తం స్లాబులు పద్దెనిమిది వందల మీటర్లు. పెద్ద పని. ఎంతకి కుదిరిందని అడిగాను.

"235."

ఒక్కోసారి నాకు కోపం రాదు, చెవులు వేడెక్కుతాయి.

"263 కింద వద్దన్నాను కదా?"

"నేను 295 అన్నాను. ఆయన నవ్వాడు. 280 అన్నాను, 270 అన్నాను. మనిషి కదిల్తే కదా! 235 దగ్గర పాతేసినట్టు కూర్చున్నాడు. 'ఆ రేటుకి నీకింకా మీటరుకి మూడు మిగులుతుందిలే తమ్ముడూ, సొంతవాడి దగ్గర ఇంకెంత కావాలి' అన్నాడు. ఏం చెయ్యను? మన పనుల్లో సగం ఆయనవి."

మీటరుకి 28 నష్టం. పద్దెనిమిది వందల మీటర్లకి 50,400. ఇంచుమించు ఒక వాయిదా.

ఎక్కడ ఆగాలో తెలిసినవాడే బేరంలో అలా కూర్చుంటాడు. మన లోపలి లెక్క బావ చెవిన ఎవరో వేశారు. ఆ లెక్క మా ఆయనకి తెలుసు, నాకు తెలుసు, ఆపరేటరుకి తెలుసు. ఆయన చెప్పరు. నేను చెప్పను.

"ఆపరేటరే," అన్నాను. "బావ మేస్త్రీతో రోజూ టీ బంకు దగ్గర కూర్చుంటాడు."

ఆయన "ఏమో" అన్నారు. చొక్కా విప్పడానికి చాలాసేపు పట్టింది.

ఫిబ్రవరి 17

అక్క ఫోన్ చేసింది. "మీ బావ బేరంలో రాక్షసుడే, నువ్వు మనసులో పెట్టుకోకు," అని తనే బాధపడింది. ఎంతైనా తోడబుట్టింది.

ఫిబ్రవరి 19

ఆపరేటర్ని అడిగేశాను. ఇంటి వెనక షెడ్డులో, బండి దగ్గర. అతను కాంక్రీటు పోసే హాపరులోని జాలీ కడుగుతున్నాడు. ఆయన కూడా అక్కడే ఉన్నారు, నీళ్ళ గొట్టం పట్టుకుని. పైపులు బిగించే మనుషులు ముగ్గురూ ఉన్నారు.

"మన లెక్క బావగారికి ఎవరు చెప్తే 235 దగ్గర కూర్చున్నారో నీకు తెలుసా?"

"తెలీదమ్మా."

"ముగ్గురికే తెలిసిన సంగతి నాలుగో మనిషి నోట్లో ఎలా పడుతుంది?"

అతను చేతిలో బ్రష్షు పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"నేను చెప్పి ఉంటే అంకె అది కాదమ్మా," అన్నాడు.

"మరి ఏ అంకె? నీకు బాగా తెలిసినట్టుందే!"

ఆయన వైపు చూశాడు. ఆయన గొట్టానికి పడిన మెలిక విప్పుతున్నారు.

"సార్, మీరైనా చెప్పండి."

"నేనేం చెప్తాను, ఆవిడే చూసుకుంటోంది లెక్కలన్నీ," అన్నారాయన.

అతను జేబులోంచి తాళాలు తీసి బండి మెట్టు మీద పెట్టాడు. విసరలేదు. పెట్టాడు. ఈ నెల పంతొమ్మిది రోజుల జీతం లెక్కగట్టి కవరులో ఇస్తే లెక్కపెట్టుకోకుండా తీసుకున్నాడు.

ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. నేను పట్టాను. "అంకె అది కాదు" అనడం ఏమిటో నాకు అర్థం కాలేదు. దొంగ మాటలు అలాగే ఉంటాయి.

ఫిబ్రవరి 21

బావ బిల్డింగు మొదటి స్లాబు. రెండు వందల మీటర్లు. కొత్త ఆపరేటరు. ముందు సిమెంటు పాలు పంపి పైపులు తడపాలి, వాడు చాలీచాలకుండా పంపాడు. కాంక్రీటు పైపుల్లోనే గట్టిపడింది. పైపు మనుషులు ముగ్గురూ సుత్తులతో మధ్యాహ్నం దాకా కొట్టారు. మూడు పైపులు పోయాయి.

ఫిబ్రవరి 22

ఏమీ రాయబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 24

బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. చేతులు పని చేస్తుంటే బుర్ర తన దారిన తను పోతుంది. బావ మాట గుర్తొచ్చింది. 235 ఇస్తే మీటరుకి మూడు మిగులుతుంది.

మూడెలా మిగులుతుంది?

263 తెలిసినవాడి లెక్కలో 235 దగ్గర మాకు ఇరవై ఎనిమిది పోతుంది. మూడు మిగలాలంటే వాడికి తెలిసిన అంకె 232 అయి ఉండాలి. పైపులు మర్చిపోయిన నా తప్పుడు లెక్క. ఆ తప్పు దిద్దింది ఆపరేటరే. అతనైతే 263 చెప్పేవాడు, బావ 265 దగ్గర కూర్చునేవాడు. "నేను చెప్పి ఉంటే అంకె అది కాదమ్మా."

చేటలో చెయ్యి అలాగే ఉండిపోయింది.

232 అనే అంకె ఈ ఇంట్లో బతికింది నాలుగే నాలుగు రోజులు. అయిదో తేదీ నుంచి తొమ్మిది దాకా. ఆ నాలుగు రోజుల్లో నేను ఎవరితో అన్నాను? ఆయనకి కూడా చెప్పలేదు, పూర్తిగా తేలాక ఒకేసారి చెబుదామని. ఈ పుస్తకం తెచ్చి అయిదో తేదీ పేజీ తీశాను. "అక్కతో గంటసేపు ఫోనులో మాట్లాడాను" అని ఉంది. ఏం మాట్లాడానో రాసుకోలేదు.

రాసుకోకపోయినా గుర్తుంది. "అక్కా, ఇన్నాళ్ళూ గుడ్డెద్దులా పడి ఉన్నామే, మాకు 232 పడుతోంది తెలుసా" అన్నాను. "నువ్వు బుర్ర గలదానివే, చిన్నప్పటి నుంచీ అంతేగా" అంది. ఆ మాటకి ఎంత పొంగిపోయానో అదీ గుర్తుంది.

ఫిబ్రవరి 25

ఆయనకి అన్నం పెట్టి, తినడం అయ్యాక చెప్పాను. 232 సంగతి, మూడు సంగతి, అక్క సంగతి. ఆశ్చర్యపోతారని చూశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాను.

"ఆ రోజే. బావే అన్నాడు. 'మీ ఆవిడే మా ఆవిడకి చెప్పిందటగా' అని నవ్వాడు."

"పదహారో తేదీనే?"

"ఊఁ."

"పంతొమ్మిదిన నేను ఆ మనిషిని దొంగంటుంటే గొట్టం మెలిక విప్పుతున్నారు."

"ఏం చెప్పమంటావు? చెబితే మీ అక్కతో మాటలు మానేస్తావు. బావ పనులు పోతాయి. రెండూ పోతే ఎలా? ఆపరేటరుదేముంది, ఎక్కడైనా పని దొరుకుతుంది. మీ అక్క తప్ప నీకెవరున్నారు చెప్పుకోడానికి?"

ఎంతో ప్రేమగానే అన్నారు. నీకెవరున్నారు అని అడిగిన మనిషి ఎదురుగానే కూర్చున్నాడు.

ఫిబ్రవరి 26

వంట చేశాను. బట్టలు ఇస్త్రీ చేశాను. లెక్క రాశాను. మాట్లాడలేదు.

ఫిబ్రవరి 28

బావ రెండో స్లాబుకి బండి పంపనని ఆయనతో చెప్పేశాను. కాగితం మీద ఒప్పందం ఏమీ లేదు, సొంతవాళ్ళం కదా. మొదటి స్లాబు 235కే చేశాం, నష్టం మాదే. మిగతా పదహారు వందల మీటర్లు కావాలంటే 310 అడగమన్నాను.

"310? పిచ్చా నీకు?"

"అడగండి."

తర్వాత బస్సెక్కి ఆపరేటరు ఇంటికి వెళ్ళాను. ఒక్కదాన్నే. రెండు గదుల ఇల్లు, తలుపు పక్కన బూట్లు బోర్లించి ఆరబెట్టి ఉన్నాయి. అతని భార్య కుర్చీ తుడిచి వేసింది. నేను ఎవరో తెలియక వేసింది. తెలిశాక లోపలికి వెళ్ళిపోయింది.

"తప్పు నాదే," అన్నాను. "చెప్పింది నువ్వు కాదు. నా నోరే."

అతను లేచి తలుపు పక్కన బూట్లు సర్దాడు. తర్వాత, "ఇది మీరు షెడ్డులో అందరి ముందూ చెప్పాలమ్మా. అక్కడ అన్నారు కదా," అన్నాడు.

"చెప్తాను."

"ఇంకో సంగతి. టీకి ఇంట్లోకి పిలవకండి. షెడ్డు దగ్గరే తాగుతాను."

సరేనన్నాను. అంత కంటే జీతం పెంచమని అడిగి ఉంటే బాగుండేది.

మార్చి 1

షెడ్డులో చెప్పాను. పైపు మనుషులు ముగ్గురూ విన్నారు. ఆయనా విన్నారు. ఆపరేటరు తాళాలు తీసుకుని హాపరు మూత ఎత్తి, "ఎవడు కడిగాడ్రా దీన్ని, ముఖం కడుక్కున్నాడా దీన్ని కడిగాడా?" అని అరిచాడు. వారం తర్వాత మొదటిసారి ఊపిరాడింది.

మార్చి 3

అక్క వచ్చింది. ఆటో దిగుతూనే, "ఏమే, నా ఫోనెత్తవు, చచ్చానో బతికానో అక్కర్లేదా?" అంది. నేరుగా వంటింట్లోకి వచ్చి గట్టు ఎక్కి కూర్చుంది. ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది.

రెండో స్లాబుకి చెక్కలు కట్టేశారట, ఇనుము కట్టేశారట, చెక్కల అద్దె పెరుగుతోందట. వేరే పంపుల వాళ్ళని అడిగితే ఒకడు 300 అన్నాడు, ఇంకొకడు వచ్చే నెల దాకా ఖాళీ లేదన్నాడు.

"మీ బావకి నిద్ర లేదు. నువ్వు 310 అన్నావంట. తోడబుట్టినదాని దగ్గరా నీ వ్యాపారం?"

"నేను తోడబుట్టినదానికి చెప్పిన అంకె వ్యాపారంలోకి ఎలా వెళ్ళిందక్కా?"

అక్క కాళ్ళు ఊపడం ఆపింది.

"అదా? అన్నం తింటూ ఏదో మాటల్లో వచ్చింది. మొగుడి దగ్గర దాస్తానా? నువ్వు దాస్తావా?"

"నీ చెవిలో వేసింది నీ దగ్గర ఉంటుందనుకున్నాను."

"పోనీ తప్పే. చెంప మీద కొట్టు, కొట్టు." నా చెయ్యి పట్టుకుని తన చెంపకేసి కొట్టుకుంది. నవ్వించాలని. నేను నవ్వలేదు. దాంతో దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజమైన నీళ్ళే, నాకు తెలుసు. నాకూ తిరిగాయి. ఉల్లిపాయలు తరిగాం, తనో సగం నేనో సగం. మా అమ్మ గురించీ, మా ఇంటి పాత మేడ మెట్ల గురించీ మాట్లాడుకున్నాం. మునుపటిలాగే ఉంది. చాలా బాగుంది.

వెళ్ళబోతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "అది సరేగానీ, నిజంగా నీకెంత పడుతోందే? నాకొక్కదానికే. ఈసారి మీ బావ చెవిన వేస్తే నన్ను అక్కా అని పిలవకు," అంది.

"281," అన్నాను.

నలభై ఏడేళ్ళలో అక్కతో నేను చెప్పిన మొదటి అబద్ధం. ముందుగా అనుకున్నది కాదు. నోటికి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

"అమ్మో, అంతా! ఎలా నెట్టుకొస్తున్నావే తల్లీ," అని నా తల నిమిరి వెళ్ళింది.

మార్చి 4

పొద్దున్న తొమ్మిదింటికి బావ ఫోన్. ఆయనకి కాదు, నాకే.

"ఏమ్మా మరదలా, పెద్ద వ్యాపారస్తురాలివైపోయావు! సరే, నీ మాటా వద్దు నా మాటా వద్దు. 285. లారీలు ఆలస్యమైతే గంటల లెక్క కూడా ఇస్తాను. ఆ పైన ఒక్కటి కూడా అడక్కు, నీకు అందులో ఎంత మిగులుతుందో నాకు తెలుసు."

"సరే బావా," అన్నాను.

"మరి బండి ఎల్లుండి పొద్దున్న ఆరింటికల్లా ఉండాలి."

"ఉంటుంది."

281 అని నేను చెప్పింది ఈ లోకంలో ఒక్క మనిషికే.

ఆయన గదిలోంచి "ఎంతకి కుదిరింది?" అని అడిగారు. చెప్పాను. "బావ చేత 285 పెట్టించావా! నిన్ను ముందే కూర్చోబెట్టాల్సింది బేరానికి," అని నవ్వుతూ వచ్చారు. ఆపరేటరుకి ఫోన్ చేయడానికి షెడ్డు వైపు వెళ్ళారు. హుషారుగా వెళ్ళారు.

పదహారు వందల మీటర్లు. మీటరుకి ఇరవై రెండు లాభం. 35,200. మొదటి స్లాబు నష్టం పోగా, పాడైన మూడు పైపుల ఖరీదు పోగా, ఇంకా మిగులుతుంది. బావ ప్రతి స్లాబుకీ మర్నాడే డబ్బిస్తాడు, ఆ విషయంలో మంచివాడే. పదో తేదీ వాయిదా వెళ్ళిపోతుంది. బండి మన ఇంట్లోనే ఉంటుంది. ఇదంతా లెక్కల పుస్తకంలో రాశాను. రెండుసార్లు సరిచూశాను. తప్పు లేదు.

అక్కడ రాయనిది ఇక్కడ రాస్తున్నాను. నిన్న అక్క ఆటో ఎక్కినప్పటి నుంచీ నేను కోరుకుంటున్నది ఒక్కటే. బావ ఏ అంకె చెప్పినా ఫరవాలేదు, 281ని ఆనుకుని ఉన్న అంకె మాత్రం చెప్పకూడదని. 270 అన్నా సరేననేదాన్ని. 250 అన్నా అనేదాన్ని. రెండు వందలు అన్నా సరే, ఆ నష్టానికి నవ్వుతూ బండి పంపేదాన్ని.